శార్వరి నుంచి శార్వరికి: అక్క 2020లో, చెల్లెలు 1960లో (నవల లెక్కలు సరిచూద్దాం)

రెండుజడలు

నవల చట్రం పెడుతున్నాను. ఎక్కడ విరుగుతుందో చెప్పండి.

అక్క మౌనిక 1995లో పుట్టింది, చెల్లెలు హారిక 1999లో. కొవ్వూరు వైపు ఒక పల్లెలో అమ్మమ్మగారి మండువా లోగిలి. 2020 మార్చి 25, శార్వరి ఉగాది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. ఆ ఉదయం హారిక కనిపించకుండా పోతుంది. తేలేది అదే ఇంట్లోనే, కానీ 1960లో. అమ్మమ్మ అప్పటికి పదేళ్ల పిల్ల. అక్కాచెల్లెళ్ల మధ్య మిగిలిన దారి దేవుడి గది పక్కనున్న భోషాణం ఒక్కటే. దాని అడుగు అరలో పెట్టిన ఉత్తరం అవతలి కాలంలో బయటపడుతుంది.

అరవై ఏళ్ల ఎడం ఎందుకంటే, 1960 కూడా శార్వరే. ఉత్తరం మీద "శార్వరి చైత్ర శుద్ధ పంచమి" అని మాత్రమే ఉంటే అది ఏ శార్వరో మౌనికకి వెంటనే తెలియదు. మొదటి నాలుగు అధ్యాయాలు ఆ అనుమానం మీదే నడపాలని ఉంది.

తేల్చుకోవాల్సినవి మూడు. ఉత్తరాలు ఏ లెక్కన చేరాలి? జరిగిపోయింది మారుతుందా, మారదా? ఊరూ పేరూ లేని ఇరవై ఒక్కేళ్ల పిల్ల 1960 పల్లెలో ఎలా నిలదొక్కుకుంటుంది?

తిథివారం

సంవత్సరం పేరు పట్టుకున్నారు కాబట్టి లెక్క కూడా పంచాంగానికే అప్పగించండి. తేదీకి తేదీ జత చేస్తే మొదటి రోజే బెసుకుతుంది. 1960లో ఉగాది మార్చి 28, సోమవారం. 2020లో మార్చి 25, బుధవారం. మూడు రోజుల తేడా. హారిక మార్చి 25న వెళ్లి 1960 మార్చి 25న దిగితే ఆమె దిగింది శార్వరిలో కాదు, వికారిలో, ఫాల్గుణ బహుళంలో. పేరు మీద కట్టిన కథంతా అక్కడే కూలుతుంది.

తిథికి తిథి జత చేయండి. చైత్ర శుద్ధ పంచమినాడు పెట్టింది చైత్ర శుద్ధ పంచమినాడు తేలుతుంది. ఇలా చేస్తే మీకు ఇంకో పెద్ద వరం దొరుకుతుంది. 2020 శార్వరిలో అధిక ఆశ్వయుజం వచ్చింది, సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 16 దాకా. 1960 శార్వరిలో అధిక మాసమే లేదు. అంటే అక్క ఏడాదికి పదమూడు నెలలు, చెల్లెలి ఏడాదికి పన్నెండు. ఆ ఒక్క నెలకి అవతల జత లేదు.

అది ఎప్పుడు మొదలవుతుందో చూడండి. భాద్రపద అమావాస్య, అంటే మహాలయ అమావాస్య మర్నాడు. పోయినవాళ్లకి నీళ్లు వదిలే రోజు దాటగానే భోషాణం మూగబోతుంది.

మూడోచిత్తు

తిథివారం గారు చెప్పిన నెల ఈ నవలకి నడుం. దాన్ని వంద పేజీల తర్వాతే రానివ్వండి, ముందుగా ఖర్చు పెట్టొద్దు.

ఆ నెల ఇద్దరికీ ఒకేలా గడవదన్నది మరిచిపోకూడదు. హారిక వైపు ఖాళీయే లేదు. మహాలయ అమావాస్య రాత్రి ఉత్తరం పెట్టి పడుకుంటుంది, మర్నాడు ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, అరలో జవాబు ఉంటుంది. ఆ జవాబు రాసిన అక్క మాత్రం మధ్యలో ఒక నెల బతికింది. రోజూ భోషాణం మూత తెరిచింది, మూసింది. చెల్లెలు చచ్చిపోయిందనే అనుకుంది. చెల్లికి ఒక రాత్రి, అక్కకి ఒక నెల. ఆ ఉత్తరంలో అక్క చేతిరాత, గొంతు, ఓపిక అన్నీ మారిపోయి ఉండాలి. హారికకి ఆ మార్పు ఎందుకో అర్థం కాకూడదు. "నిన్న బాగానే ఉన్నావు కదే" అని జవాబు రాస్తే చాలు, కాలం ఎడం మీద పేజీల కొద్దీ వివరణ అక్కర్లేదు.

రాసే వరస గురించి ఒక మాట. ఒక అధ్యాయం ఇక్కడ, ఒక అధ్యాయం అక్కడ అని గడియారంలా తిప్పొద్దు. పాఠకుడికి మూడో అధ్యాయానికే లయ తెలిసిపోతుంది, తనకి నచ్చని కాలాన్ని దాటేస్తాడు. వేసవి అంతా బరువు 1960 వైపు ఉంచండి. అధిక మాసంలో పూర్తిగా 2020లోనే ఉండండి, చెల్లెలి గొంతు ఒక్క వాక్యం కూడా వినిపించకూడదు.

రెండుజడలు

అధిక మాసం నా లెక్కలో లేదు, ఇప్పుడు కథే దాని చుట్టూ తిరుగుతుంది. తిథివారం గారూ, తిథి రెండు వైపులా ఒకే గంటకి మొదలవదు కదా. అక్కడ ఇబ్బంది రాదా?

తిథివారం

వస్తుంది, అందుకే నియమం ముందే బిగించుకోవాలి. తిథి నిడివి రోజుతో సమానం కాదు. సుమారు 20 గంటల నుంచి 27 గంటల దాకా మారుతుంది. ఒక వైపు పంచమి తెల్లవారుజామునే అయిపోతే ఇంకో వైపు మధ్యాహ్నం దాకా ఉండొచ్చు. సూర్యోదయాన్ని తాకని తిథులూ ఉంటాయి, రెండు సూర్యోదయాలు చూసే తిథులూ ఉంటాయి. కాబట్టి "ఆ రోజు" అనొద్దు, "ఆ తిథి నడుస్తుండగా" అనండి. తిథి ముగిసే క్షణంలో ఉత్తరం మారుతుంది అని ఒక్క వాక్యంలో పెట్టుకుంటే ముడులన్నీ విడిపోతాయి.

రెండో జాగ్రత్త. 1960లో ఇంట్లో దూలానికి వేలాడే పంచాంగంలో గంటలు నిమిషాలు ఉండకపోవచ్చు, ఘడియలు విఘడియలు ఉంటాయి. సూర్యోదయం నుంచి లెక్క. ఘడియకి 24 నిమిషాలు, రోజుకి 60 ఘడియలు. "అష్టమి 22 ఘడియలు" అంటే సూర్యోదయం తర్వాత ఎనిమిది గంటల 48 నిమిషాలకి అయిపోతుంది. హారికకి ఇది చదవడం రాదు, పదేళ్ల అమ్మమ్మకి వచ్చు. ఇద్దరినీ దగ్గర చేసే సన్నివేశం అదే.

మూడోది, పూర్వ గణితం (పాత సిద్ధాంత గ్రంథాల లెక్క), దృగ్గణితం (ఆకాశంలో కనిపించే స్థానాల లెక్క) అని రెండు పద్ధతులున్నాయి. తిథి ముగిసే వేళ రెంటికీ కొన్ని గంటల తేడా రావచ్చు. మౌనిక ఫోన్‌లో చూసేది దృక్కు, ఆ ఇంటి పంచాంగం పూర్వ పద్ధతిది కావచ్చు. వేసవిలో ఒక ఉత్తరం ఈ తేడా వల్లే తప్పిపోయేలా రాయండి. భోషాణం నమ్మదగిందా కాదా అన్న భయం అప్పుడే పుడుతుంది, అధిక మాసంలో ఆ భయానికి బలం వస్తుంది.

పాతసిరా

ఉత్తరాల సంగతి. 1960 అనగానే గ్రాంథికంలో రాయకండి. గిడుగు రామమూర్తి 1940లోనే పోయారు. 1960 నాటికి కథలు, నవలలు, ఇంటి ఉత్తరాలు వాడుక భాషలోనే ఉన్నాయి. కాలం తెలిసేది క్రియాపదాల వల్ల కాదు, ఉత్తరం మొదలూ చివరా వల్ల. "ఉభయకుశలోపరి", "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను", "పెద్దలకి నమస్కారాలు, పిన్నలకి ఆశీస్సులు". అసలు విషయం ఈ రెంటి మధ్య మూడు వాక్యాల్లో ఇరుక్కుని ఉంటుంది.

చిరునామా గీత ఇంకా ముఖ్యం. ముత్తయిదువకి రాసేటప్పుడు పేరు ముందు "చి.ల.సౌ." అని పెడతారు, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. భర్త పోయినావిడకి "గం.భా.స.", గంగాభాగీరథీ సమానురాలు. అధిక మాసంలో మౌనిక ఇల్లంతా గాలిస్తుంది కదా. అటక మీద దొరికే పాత కార్డుల్లో ఒకే ఆవిడ పేరు ముందు 1962 కార్డు మీద చి.ల.సౌ. ఉండి, 1967 కార్డు మీద గం.భా.స. ఉంటే చాలు. లోపలి మాటలు సిరా కారిపోయి చదవడానికి వీల్లేకపోయినా, ఆ మూడు పొడి అక్షరాలు జరిగింది చెప్పేస్తాయి.

చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లో దాచరు. చదివి చింపేస్తారు. కాబట్టి చెల్లెలు పోయిందన్న కార్డు పెట్టెలో దొరికినట్టు రాయొద్దు, ఆ కాలం తెలిసినవాళ్లు నమ్మరు. పెళ్లి కబురుకి నాలుగు మూలలా పసుపు రాస్తారు, అవి మాత్రం మిగులుతాయి. అంటే ఆ ఇంటి కాగితాల్లో మంచి మాత్రమే మిగిలి ఉంటుంది, చెడు అంతా ఖాళీల్లో ఉంటుంది. మౌనిక ఖాళీలు చదవడం నేర్చుకోవాలి.

కార్డుల మీద పిన్‌కోడ్ ఉండకూడదు, అది 1972 ఆగస్టు 15న వచ్చింది. వాష్‌బుల్ నీలం సిరా తడి తగిలితే పోతుంది, బ్లూబ్లాక్ నిలుస్తుంది. ఏ ఉత్తరం చదవగలగాలి, ఏది కారిపోవాలి అన్నది ముందే నిర్ణయించుకుని సిరా ఎంచుకోండి.

మూడోచిత్తు

కాగితాల దగ్గరే ఒక చిక్కు. మౌనిక 2020లో నోటుపుస్తకం చింపి రాసిన కాగితం 1960కి చేరింది. హారిక దాన్ని ఆ ఇంట్లోనే దాచుకుంది. ఆ కాగితం అరవై ఏళ్లు అక్కడే ఉంటుంది కదా. అంటే 2020లో మౌనిక ఆ ఉత్తరం రాయకముందే దాని ముసలి ప్రతి ఇంట్లో ఎక్కడో పసుపుపచ్చగా ఉండాలి. తన చేతిరాతలో, తను ఇంకా రాయని మాటలతో.

దీన్ని మూడు రకాలుగా తీర్చొచ్చు. హారిక చదివినవి పొయ్యిలో వేస్తుంది, అది తేలిక దారే కానీ దేన్నీ మిగల్చదు. లేదా ఇంటి బయటికి చేరుస్తుంది. లేదా ముసలి ప్రతులు నిజంగానే ఉన్నాయి, అమ్మమ్మ దగ్గర. మూడోది తీసుకుంటే అమ్మమ్మ పాత్ర నిలబడుతుంది. ఆవిడకి 1960 నుంచీ తెలుసు. ఆ ఏడు తమ ఇంట్లో ఉన్న అక్క ఎవరో తెలుసు, 1999లో ఆ పిల్ల మనవరాలిగా పుట్టినప్పుడు ఎత్తుకుంది, పేరు పెట్టింది. ఉగాది ఉదయం ఏం జరగబోతోందో తెలిసీ ఊరుకుంది. ఆవిడ ఆపకపోవడానికి కారణం మీరు మొదటి పేజీ రాయకముందే తేల్చుకోవాలి. ఎందుకంటే అమ్మమ్మ పలికే ప్రతి మామూలు మాటా, "అన్నం తిన్నావటే" అన్నది కూడా, రెండోసారి చదివినప్పుడు వేరేగా వినిపించాలి.

పేరు అలా గుండ్రంగా తిరిగినా ఫరవాలేదు, "హారిక" అన్న పేరు హారిక దగ్గరే విని హారికకే పెట్టింది. కానీ ఒక సమాచారం మాత్రం అలా తిరగకూడదు. నగలు ఎక్కడున్నాయో మౌనికకి హారిక చెప్పి, హారికకి మౌనికే చెప్పి ఉంటే ఆ సంగతి ఎవరికీ మొదట తెలియనట్టు. అలాంటిది ఒక్కటి దొర్లినా చదివేవాళ్లు పుస్తకం మూసేస్తారు.

అత్తిపత్తి

హారిక ఒంటి గురించి ఎవరూ అనలేదు. 1960లో మశూచి ఉంది. జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైందే 1962లో, మన దేశంలో ఆఖరి కేసులు 1975లో. 1999లో పుట్టిన పిల్లకి మశూచి టీకా ఉండదు, అప్పటికే ఆపేశారు. ఆమె భుజం మీదున్నది బీసీజీ మచ్చ, చిన్నది, ఒక్కటే. పల్లెలో అందరి చేతుల మీదా పెద్ద గుండ్రటి మచ్చలుంటాయి. స్నానాల దగ్గర ఆడవాళ్లు గమనించే మొదటి సంగతి అదే. "నీకు టీకాలు వేయించలేదుటే" అని అడుగుతారు.

కథకి ఇది ప్రాణాపాయం. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే హారికకి రక్షణ లేదు. ఆమెకి రక్షణ లేదన్న సంగతి మౌనికకి తడుతుంది, ఊరివాళ్లకి తట్టదు. సోకిన మూడు రోజుల్లోపు టీకా వేయిస్తే చాలావరకు కాపాడుతుంది. ఆ మూడు రోజుల్లో ఒక ఉత్తరం వెళ్లి టీకాలాయన దగ్గరికి ఆమెని పంపాలి. తిథి తేడా వల్ల తప్పిపోయే ఉత్తరం ఉండాలన్నారు కదా, తప్పిపోవాల్సింది ఇదే.

రెండోది, వెళ్లిన తేదీ 2020 మార్చి. హారిక హైదరాబాద్ నుంచి ముందురోజు వచ్చిందంటే, పాఠకుడు వెంటనే అడుగుతాడు, కరోనా మోసుకెళ్లిందా అని. పల్లెకి వచ్చి పద్నాలుగు రోజులు దాటాయని రెండో పేజీలోనే తేల్చేయండి.

ఫోన్ తీసుకెళ్లనివ్వండి, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ఆ ఇంట్లో కరెంటు ఉన్నా ఛార్జింగ్ తాడు ఉండదు. దాన్ని భోషాణంలో దాచి 2020లో అక్క తెరిచి ఫోటోలు చూసినట్టు మాత్రం రాయొద్దు. అరవై ఏళ్లకి బ్యాటరీ పాడవుతుంది, లోపల దాచినవీ నిలవవు.

గోదారిలంక

కొవ్వూరు వైపు అన్నారు. 1960లో రాజమండ్రికి బస్సులో వెళ్లలేరు. గోదావరి మీద ఉన్నది 1900 నాటి హేవ్‌లాక్ రైలు వంతెన ఒక్కటే. రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో వచ్చింది. హారిక అటు దాటాలంటే కొవ్వూరులో రైలెక్కాలి, లేదా లాంచీ, పడవ. వరదల రోజుల్లో పడవలు ఆపేస్తారు. 2020లో మౌనిక పరిస్థితి తలకిందులు, నాలుగు వంతెనలున్నాయి, వాటిలో పాత హేవ్‌లాక్‌ను 1997లోనే రైళ్లకి మూసేశారు, లాక్‌డౌన్‌లో మిగతా మూడూ దాటనివ్వరు. ఒకే ఏటి ఒడ్డున ఇద్దరూ ఆగిపోతారు, వేరే వేరే కారణాలకి. దీన్ని పాత్రల చేత చెప్పించొద్దు, చూపిస్తే చాలు.

ధవళేశ్వరంలో ఉన్నది కాటన్ కట్టించిన ఆనకట్ట, 1852లో పూర్తయింది. ఇప్పుడు కనిపించే బ్యారేజీ 1970ల్లో మొదలైన పని. 1960 పాత్ర నోట "బ్యారేజీ" రాకూడదు. "ఆనకట్ట" అనాలి.

డబ్బు సంగతి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయా పైసలు. కానీ మూడేళ్లకి జనం నోట అణాలు పోలేదు, పాత నాణేలూ చేతులు మారుతూనే ఉన్నాయి. మార్పిడి పట్టికలో అణాకి 6 నయా పైసలు, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25. అణా చొప్పున విడివిడిగా నాలుగుసార్లు కొంటే 24కే వస్తుంది, ఒక్కసారి పావలా ఇస్తే 25. ఒక పైసా కోసం కొట్టు దగ్గర వాదన జరిగే కాలం అది. హారిక కూడికల్లో చురుకు, కానీ బేడ అంటే ఏమిటో తెలియదు, అక్కడే దొరికిపోతుంది. తూకాలూ అంతే. కిలో అనకూడదు, వీశె అనాలి. వీశె అంటే దాదాపు కిలో నాలుగువందల గ్రాములు, ఎనిమిది వీశెలు మణుగు.

మెడలో గొలుసు అమ్ముకుంటుందని రాస్తే, కొక్కెం దగ్గర 916 ముద్ర ఉంటుంది. కంసాలి గీటురాయి మీద గీసి బంగారం మంచిదే అంటాడు, ఆ అంకె ఏమిటని అడుగుతాడు. జవాబు సిద్ధంగా ఉంచండి.

రెండుజడలు

ఊళ్లో ఆమె ఎవరని చెప్పాలన్నదే ఇంకా తేలలేదు. మద్రాసు నుంచి వచ్చిన దూరపు చుట్టం అంటే నడుస్తుందా?

పాతసిరా

ఒక పూట నడుస్తుంది. "ఎవరమ్మాయివి, ఇంటిపేరేమిటి, గోత్రమేమిటి, మేనమామలెవరు" అన్న నాలుగు ప్రశ్నల్లో మూడోదానికే దొరుకుతుంది. అయితే ఆమె అబద్ధం ఆడక్కర్లేదు. అది అమ్మమ్మ పుట్టిల్లు కాబట్టి ఆ ఇంటి చుట్టరికాలు ఆమెకి కొంత తెలుసు. ముత్తమ్మమ్మ పుట్టింటి తరఫు పిల్లనని చెప్పి, నిజమైన పేర్లు నాలుగు చెబితే నమ్ముతారు. ఆ నాలుగు పేర్లు ఉగాదికి ముందు రాత్రి అమ్మమ్మ కబుర్లలా చెప్పి ఉండాలి. అమ్మమ్మకి తెలుసు కదా ఏవి పనికొస్తాయో.

"హారిక" అని 1960 పల్లెలో పిలవరు. సుబ్బలక్ష్మి అనో సత్యవతి అనో పెట్టుకోవాలి. పదేళ్ల పిల్ల ఒక్కత్తే అసలు పేరు తెలుసుకుంటుంది.

పిలుపులతో జాగ్రత్త. హారిక ఉత్తరాల్లో "అమ్మమ్మ ఇవాళ బడి ఎగ్గొట్టింది" అని రాస్తే మొదటిసారి బాగుంటుంది, పదోసారికి పాఠకుడు తికమకపడతాడు. ఆషాఢం వచ్చేసరికి ఆ పిల్లని "బుజ్జి" అనడం మొదలుపెట్టనివ్వండి. అక్క అది గమనించి బాధపడాలి, చెల్లెలు అక్కడ అల్లుకుపోతోందని.

చదువు గురించి అడిగితే "ఇంటర్" అనకూడదు, పీయూసీ అనాలి. ఎస్సెల్సీ పూర్తి చేసిందన్నా ఆ ఊళ్లో గొప్పే.

దస్తావేజు

అధిక మాసంలో అక్కకి పని కావాలి కదా, ఊరికే ఏడుస్తూ కూర్చుంటే నెల గడవదు. 2020 ఆగస్టు 11న, కృష్ణాష్టమి రోజుల్లో, సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తీర్పు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఉంది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు అని. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు జరిగి ఉంటే అవి చెదరవు. మన రాష్ట్రంలో 1985లో వచ్చిన సవరణ అమ్మమ్మకి అందదు, అప్పటికే పెళ్లయినవాళ్లని అది వదిలేసింది. కాబట్టి ఈ ఇంట్లో ఆవిడ వాటా మొత్తం ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది. పాత రోజుల్లో రిజిస్టరైన పంపకం దస్తావేజు ఉందా, లేదా?

మౌనిక వాళ్లమ్మ మేనమామలు ఉందంటారు. మౌనిక వెతకాలి. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే, అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వీలునామాలు మూడో పుస్తకంలో. మనుషుల పేర్లకి ఒక సూచిక, ఆస్తి వివరాలకి ఇంకో సూచిక. పేరుతో దొరక్కపోతే ఊరు, సర్వే నంబరుతో వెతకాలి. ఇంటిపేరు ఒక్క అక్షరం తేడాగా రాసి ఉన్నా మొదటి సూచికలో జారిపోతుంది.

అందరూ చేసే పొరపాటు ఇక్కడ. ఆఫీసులో మౌనిక పాత దస్తావేజు తెరిచి సాక్షి సంతకంలో చెల్లెలి చేతిరాత గుర్తుపట్టిందని రాస్తారు. అది కుదరదు. ఆ రోజుల్లో ఒకటో పుస్తకంలోకి గుమాస్తా తన చేత్తో నకలు రాసేవాడు. సంతకాలు కూడా అతని రాతలోనే ఉంటాయి. అసలు కాగితం పార్టీలకే తిరిగి ఇచ్చేస్తారు. కాబట్టి ఆఫీసులో కనిపించేది "సాక్షి: సత్యవతి" అన్న పేరు మాత్రమే, పరాయి చేతిరాతలో. ఆ సత్యవతి తన చెల్లెలని నిర్ధారణ కావాలంటే అసలు దస్తావేజు ఇంట్లో దొరకాలి. పేరు నెల మధ్యలో, సంతకం నెలాఖరున. ఒకే సంగతి రెండుసార్లు తెలుస్తుంది, రెండోసారి తగిలే దెబ్బ వేరు.

ఇంకో సంగతి, అమ్మమ్మ 1960లో మైనరు. ఆమె చేత హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టించినా చెల్లదు. మేనమామల కాగితం 1960 నాటిదైతే అందులో అమ్మమ్మ సంతకం ఉండకూడదు, ఉంటే అది తర్వాత పుట్టించింది. హారిక సాక్షి సంతకం చేసిందా, చేయనని భీష్మించుకుందా అన్నది మీ ఇష్టం.

మూడోచిత్తు

దీంతో రెండో ప్రశ్నకీ జవాబు దొరికింది. గతం మారదు అనే పెట్టుకోండి. దస్తావేజు ఎప్పటినుంచో ఆ పుస్తకంలోనే ఉంది, హారిక చేసినదంతా ఎప్పుడో అయిపోయింది, మౌనికకి ఇప్పుడు తెలుస్తోంది. మారే గతం పెట్టుకుంటే, తీర్పు వచ్చిన మర్నాడే అక్క "సంతకం పెట్టొద్దు" అని రాసి వాటా తెచ్చేసుకుంటుంది, కథ ఆస్తి తగాదాగా తేలిపోతుంది. మారదన్నప్పుడు అక్కకి మిగిలేది కష్టమైన పని. చెల్లెలు ఏం చేస్తుందో తెలిసి, చెప్పాలా వద్దా అని తేల్చుకోవడం. అమ్మమ్మ అరవై ఏళ్లు చేసిన పనే అది.

వయసు లెక్క మాత్రం మిగిలింది. హారిక తిరిగి రాకపోతే 2020 నాటికి ఆమెకి ఎనభై ఒకటి. ఎక్కడుంది? బతికుంటే మౌనిక చిన్నప్పుడు ఏదో పెళ్లిలో చూసే ఉండాలి. పోతే మరణాల రిజిస్టర్లో ఉండాలి. రెండూ వద్దంటే శార్వరి అయ్యేసరికి తిరిగి రావాలి.

రెండుజడలు

తిరిగి రాదు. పాతసిరా గారు చెప్పిన చి.ల.సౌ., గం.భా.స. కార్డులు సత్యవతి పేరు మీదే ఉంటాయి. మౌనిక చిన్నప్పుడు సెలవులకి వస్తే అమ్మమ్మతో కలిసి ఆవకాయ పెట్టిన పక్కవీధి మామ్మగారు ఆమే. 2011లో పోయింది. మామ్మగారు చిన్న హారికని ఒక్కసారి కూడా ఎత్తుకోదు, ముట్టుకోదు, ఆ పిల్ల వస్తే లేచి వెళ్లిపోతుంది. మౌనికకి ఆవిడంటే అందుకే కోపం. ఇది రెండో అధ్యాయంలోనే మామూలు జ్ఞాపకంలా పెడతాను.

అలాగైతే ఆఖరి ఉత్తరం ఎప్పుడు? ఫాల్గుణ అమావాస్యేనా?

తిథివారం

అవును, అధిక మాసం తర్వాత రెండు వైపులా నెలలు మళ్లీ జతగానే నడుస్తాయి. కాకపోతే తేదీలు దాదాపు నెల ఎడంగా ఉంటాయి. ఉగాదికి మూడు రోజుల తేడా ఉన్నది దీపావళికి ఇరవై అయిదు రోజులు దాటిపోతుంది. 2020లో దీపావళి నవంబరు 14, 1960లో అక్టోబరు మూడో వారం. అధ్యాయాల తలమీద ఇంగ్లీషు తేదీలు వేస్తే ఇక్కడ గందరగోళం అవుతుంది. తిథే వేయండి.

ప్లవ ఉగాది అటు 1961 మార్చి 17, ఇటు 2021 ఏప్రిల్ 13. ఆ మధ్యలో హారిక వైపు ఒక గండం ఉంది. 1961 జనాభా లెక్కలు, మార్చి 1 నాటికి లెక్క. ఇంటికొచ్చిన ఎన్యూమరేటరు వయసు, పుట్టిన ఊరు అడుగుతాడు. పుట్టిన ఊరు నిజమే చెప్పొచ్చు.

ఆఖరి అమావాస్య రెండు వైపులా ఒకే గంటకి ముగియదు. 2021లో ఏప్రిల్ 12 ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో, 1961లో మార్చి 16 అర్ధరాత్రి దాటిన కాసేపటికి. అక్కకి తెల్లవారాక కూడా రాయడానికి వెలుగూ వ్యవధీ ఉన్నాయి. చెల్లెలు మాత్రం ఇంట్లో అందరూ పడుకున్నాక లాంతరు వత్తి తగ్గించుకుని, అర్ధరాత్రి లోపే రాసి అరలో పెట్టేయాలి. ఇద్దరూ ఒకే తిథి చివరి ఘడియలో రాస్తున్నారు కాబట్టి ఉత్తరాలు ఎదురెదురుగా దాటుకుంటాయి. ఒకరి ప్రశ్నకి ఇంకొకరి జవాబు ఉండకూడదు. విడివిడిగా రాసి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టండి.

దస్తావేజు

ఆ రాత్రి హారిక అరలో ఉత్తరంతో పాటు అసలు దస్తావేజు పెడితే, అది 2021లో కొత్త కాగితంలా, కొత్త సిరాతో తేలుతుంది. అరవై ఏళ్లు పాతబడని 1960 స్టాంపు కాగితాన్ని ఏ కోర్టూ నమ్మదు, నకిలీ అంటుంది. అది ఇంట్లోనే, తాటాకుల పెట్టెలోనో దూలం సందులోనో, మామూలుగా ముసలిదవ్వాలి. అధిక మాసం నెలాఖరున మౌనికకి దొరికేది ఆ ప్రతే.